రెండు డల్లాస్‌లు, ఒకే నల్లరేగడి

ప్రశ్న ఇదీ: అమెరికా ఎన్నికల మ్యాపు చూస్తే దక్షిణాన అలబామా, మిసిసిపీల మీదుగా, చుట్టూ రిపబ్లికన్లు గెలిచిన ఎర్ర రంగు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మధ్యలో డెమొక్రాట్లు గెలిచిన నీలం రంగు వంక ఒకటి కనిపిస్తుంది, అది డైనోసార్ల కాలపు సముద్రం ఒడ్డు అని ఒక వీడియోలో చెప్పారు, ఇది నిజమేనా? నిజమైతే నేలే మనుషుల తలరాత రాస్తుందని ఒప్పుకోవాల్సిందేనా?

మొదటిదానికి అవుననే చెప్తాను, చిన్న సవరణతో. రెండోదాన్ని మాత్రం ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే కొంచెం పొడుగ్గానే రాయాలి, ఓపిగ్గా చదవండి. మాది నరసరావుపేట వైపు, ఇంట్లో పత్తి సేద్యం. ఇరవై రెండేళ్ళుగా టెక్సాస్‌లో ఉంటున్నాను, ఇల్లు కట్టేముందు దాని కింద మట్టి ఎలాంటిదో పరీక్ష చేసి పునాది ఎలా వెయ్యాలో చెప్పడం నా పని. మధ్యలో రెండేళ్ళు అదే పని మీద అలబామా కూడా తిరిగాను. కాబట్టి ఇది పుస్తకాల్లో చదివింది కొంత, చేత్తో పిసికి చూసింది కొంత.

ముందు సముద్రం సంగతి. ఏడెనిమిది కోట్ల ఏళ్ళ కింద ఇప్పటి అలబామా దక్షిణ భాగమంతా లోతులేని వెచ్చటి సముద్రం. ఆ నీళ్ళలో కంటికి కనపడని నాచు లాంటి జీవులు కోట్లకు కోట్లు బతికి చచ్చిపోయి, వాటి సున్నపు పెంకులు అడుగుకి చేరి, పొరలు పొరలుగా పేరుకుని సుద్దరాయి అయింది. వీడియోలో చెప్పినట్టు అది సరిగ్గా ఒడ్డు కాదు, ఒడ్డుకి కాస్త అవతల ఉన్న సముద్రగర్భం. ఆ తర్వాత సముద్రం వెనక్కి పోయింది. రెండు పక్కలా ఉన్న ఇసుక గుట్టలకంటే సుద్ద మెత్తన కాబట్టి త్వరగా అరిగిపోయి పల్లపు మైదానంగా మిగిలింది, ఇరవై ఇరవై ఐదు మైళ్ళ వెడల్పున, తూర్పు నుంచి పడమరకి వడ్డాణంలాగా. సుద్దలోని సున్నం వానలకి కరిగిపోగా మిగిలింది జిగట బంకమట్టి, దాని మీద వేల ఏళ్ళపాటు గడ్డి పెరిగి కుళ్ళి మట్టిని నల్లగా చేసింది. దాన్నే బ్లాక్ బెల్ట్ అంటారు. ఆ పేరు మొదట మట్టి రంగును బట్టే వచ్చిందనీ, అంతర్యుద్ధం (1861–65) తర్వాత మాత్రం తెల్లవాళ్ళకంటే నల్లజాతి వాళ్ళు ఎక్కువగా ఉన్న కౌంటీలు అన్న అర్థంలో వాడుతున్నారనీ బానిసగా పుట్టి విద్యావేత్తగా ఎదిగిన బుకర్ టీ వాషింగ్టన్ 1901లో తన ఆత్మకథలో రాశాడు. ఒకే పేరు మట్టి నుంచి మనుషుల మీదికి అలా మారిపోయింది.

నేను మొదటిసారి అలబామాలోని డల్లాస్ కౌంటీకి వెళ్ళినప్పుడు (అవును, అక్కడా ఒక డల్లాస్ ఉంది, సెల్మా అనే ఊరు దాని ముఖ్యపట్టణం) రోడ్డు పక్కన కారు ఆపి పిడికెడు మట్టి తీసి, సీసాలో నీళ్ళు పోసి పిసికాను. మా వృత్తిలో ఒక చిన్న పరీక్ష ఉంది, తడి మట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్‌లాగా బయటికి తోస్తాం, ఇసుక పాలు ఎక్కువ ఉంటే అంగుళం కూడా రాకుండా తెగిపోతుంది, రెండంగుళాలు దాటి వచ్చిందంటే అది మంచి బంక. అక్కడ అది మూడంగుళాలు దాటి కిందికి వేలాడింది. చేతికి అంటుకుంటే నీళ్ళతో కడిగినా గోళ్ళ సందుల్లోంచి పోదు. వేసవిలో మన చేలో పడినట్టే నెర్రెలు, ఒక్కోదాంట్లో చెయ్యి మోచేతిదాకా దూరుతుంది. తల్లిరాయి వేరు కావచ్చు గానీ గుణం మన రేగడిదే, వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని పగులుతుంది. నాకు ఒక్కసారిగా మా నాన్న చేను గుర్తొచ్చి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇప్పుడు మీరు అనుకునే లెక్క ఏమిటంటే, నల్లరేగడి ఉంది కాబట్టి పత్తి, పత్తి ఉంది కాబట్టి బానిసలు, బానిసల వారసులు ఉన్నారు కాబట్టి ఇవాళ ఆ ఓట్లు. వరస బాగానే ఉంది. కానీ ఒక్కో మెట్టు దగ్గర ఎవరో ఒకరు పూనుకుని చేస్తేనే తర్వాతి మెట్టు వచ్చింది, వరసగా చూస్తే ఆ మనుషులు మాయమైపోతారు.

మొదటి మెట్టే చూడండి. తొలి తెల్ల రైతులు ఆ నల్లనేలని వద్దనుకున్నారు. బండి దిగబడిపోతుంది, చెట్లు పెద్దగా లేవు కాబట్టి కలప లేదు, అన్నిటికంటే ముఖ్యంగా తాగే నీళ్ళు లేవు, సుద్దలో బావి తవ్వితే ఊట పడదు. సుద్ద పొర మొత్తం చీల్చుకుని వందల అడుగుల లోతున ఉన్న ఇసుక పొరదాకా బోరు వేయడం నేర్చుకున్నాక, నీళ్ళు వాటంతట అవే పైకి ఉబికి వచ్చాకే, అక్కడ పెద్ద పెద్ద పత్తి తోటలు లేచాయి. ఆ బోర్లు వేయించడానికి డబ్బు కావాలి, అది చిన్న రైతు దగ్గర లేదు. అందుకని ఆ నేల మొదటినుంచీ పెద్ద పెట్టుబడిదారుల చేతిలోకే పోయింది. ఇది చాలామంది పట్టించుకోని సంగతి, నాకు మాత్రం మొత్తం కథకి ఇదే కీలకం అనిపిస్తుంది.

అంతకుముందు ఆ నేల క్రీక్, చోక్టా, చికసా అనే మూలవాసి జాతులది. 1814లో ఫోర్ట్ జాక్సన్ ఒప్పందం పేరుతో తర్వాత దేశాధ్యక్షుడైన సేనాని ఆండ్రూ జాక్సన్ క్రీక్ వాళ్ళ దగ్గర రెండు కోట్ల ఎకరాలకు పైగా లాక్కున్నాడు, అప్పటి క్రీక్ యుద్ధంలో తన పక్షాన పోరాడిన క్రీక్ వాళ్ళ భూమి కూడా అందులో పోయింది. 1830లో చోక్టాలకు అదే గతి. అప్పటికే పత్తి గింజ తీసే జిన్ను మిషన్ వచ్చి (1793) ఇంగ్లండ్ మిల్లులు ఎంత పత్తి పంపినా మింగుతున్నాయి. వర్జీనియా, కరొలీనాల్లో పొగాకు, పత్తి వేసి వేసి నేల పీల్చేసిన దొరలు గుంపులు గుంపులుగా ఇటు బయలుదేరారు, దానికి అలబామా జ్వరం అని పేరే పడిపోయింది. వాళ్ళతో పాటు గొలుసులు వేసి వందల మైళ్ళు నడిపించిన మనుషులు వచ్చారు. ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతిని 1808లోనే చట్టం నిషేధించింది, అయినా దేశం లోపల అమ్మకాలకి అడ్డు లేదు, అలా పాత రాష్ట్రాల నుంచి కింది రాష్ట్రాలకి సుమారు 10 లక్షల మందిని తరలించారు. అలబామాలో 1820లో 40 వేల పైచిలుకు ఉన్న బానిసలు 1860 నాటికి 4,35,080 మంది. సెల్మా ఉన్న డల్లాస్ కౌంటీలో అప్పుడు నాలుగింట మూడొంతుల జనం బానిసలే.

జూలైలో ఆ మట్టిలో కలుపు తీయడం ఎలా ఉంటుందో మా ఇంట్లో ఆడవాళ్ళకి తెలుసు, కానీ వాళ్ళు సాయంత్రానికి ఇంటికొచ్చేవాళ్ళు, పిల్లలు వాళ్ళ దగ్గరే ఉండేవాళ్ళు, కూలి ఎంత తక్కువైనా చేతికి వచ్చేది. ఇక్కడ అవేమీ లేవు. ఆ తేడా ముందు మట్టి పోలిక చాలా చిన్నది.

అదే రాష్ట్రంలో ఉత్తరాన విన్‌స్టన్ కౌంటీ ఉంది, కొండలు, ఇసుకరాయి, పల్చటి నేల. అక్కడ పత్తి తోటలు లేవు, బానిసలు బహు తక్కువ. 1861లో అలబామా దేశం నుంచి విడిపోవాలని తీర్మానం చేస్తే ఆ కౌంటీ ప్రతినిధి, చార్లెస్ క్రిస్టఫర్ షీట్స్ అనే కుర్ర బడిపంతులు, సంతకం పెట్టనన్నాడు, జైలుకి కూడా వెళ్ళాడు. ఇది చూస్తే మీ వాదనకే బలం వస్తుంది కదా అంటారు. వస్తుంది. నేలకి ఏ పాత్రా లేదని నేను అనడం లేదు.

కానీ ఇప్పుడు రెండో డల్లాస్‌కి రండి, మనవాళ్ళు వేలకు వేలు ఉంటున్న టెక్సాస్ డల్లాస్. ఫ్రిస్కో, ప్లానో, అటు కింద వేకో, టెంపుల్, ఆస్టిన్ తూర్పు భాగం దాకా ఉన్నది కూడా అదే కాలపు సముద్రం వదిలిపోయిన సుద్ద, సున్నపు పొరల మీద ఏర్పడ్డ నల్లమట్టి. బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు, ప్రెయిరీ అంటే గడ్డిమైదానం. మట్టి శాస్త్రంలో దీనికి హ్యూస్టన్ బ్లాక్ అని పేరు, టెక్సాస్ రాష్ట్ర మట్టి ఏదంటే దీన్నే చెప్తారు. పిసికి చూస్తే రెండిటికీ తేడా పట్టడం నాకే కష్టం. మరి చరిత్ర?

పూర్తిగా వేరు. ఎందుకంటే ఈ నేలని ఎక్కువ భాగం దున్నింది అంతర్యుద్ధం అయిపోయాక. అప్పటికి టెక్సాస్‌లో కూడా 1,82,000కు పైగా బానిసలు ఉండేవాళ్ళు, అయితే ఎక్కువగా తూర్పు అడవుల్లో, బ్రేజోస్ లాంటి నదుల పక్క నేలల్లో. ఈ ప్రెయిరీ గట్టి గడ్డివేళ్ళని చీల్చే ఉక్కు నాగళ్ళు, పత్తిని రేవుకి చేర్చే రైలు రెండూ వచ్చేదాకా ఇది ఎక్కువగా పశువుల మేతనేలే. డల్లాస్‌కి మొదటి రైలు 1872లో, రెండో లైను 1873లో వచ్చింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో ఇది పత్తి సముద్రం అయిపోయింది. చేసిందెవరు? టెనెసీ, కెంటకీ నుంచి వచ్చిన పేద తెల్లవాళ్ళు, జర్మన్లు, చెక్కులు, విడుదలైన నల్లజాతి వాళ్ళు, మెక్సికో నుంచి వచ్చిన కూలీలు. కష్టాలు లేవని కాదు, 1910 నాటికి టెక్సాస్ రైతుల్లో సగానికి పైగా కౌలుదారులే, అప్పుల్లో పుట్టి అప్పుల్లో పోయినవాళ్ళు. అయినా మనిషిని ఆస్తిగా కొనుక్కునే చట్టం అప్పటికి లేదు. రైళ్ళు కలిసిన చోట పత్తి వ్యాపారులు, వాళ్ళ వెనక బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలు, 1930లో తూర్పు టెక్సాస్‌లో ఆయిల్ పడితే ఆ డబ్బు కూడా ఇక్కడికే, 1958లో ఇక్కడే జాక్ కిల్బీ మొదటి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్, అంటే ఎలక్ట్రానిక్ చిప్, చేశాడు. ఆ వరసలో చివరికి మనం వచ్చి దిగాం. 2020 జనాభా లెక్కల్లో డల్లాస్ నగరంలో 13 లక్షల మంది, సెల్మాలో 18 వేల లోపు.

కాబట్టి మట్టి ఒకటే అయినా నలభై యాభై ఏళ్ళ తేడా, ఆ తేడాలో మారిన చట్టం, వచ్చిన రైలు, ఇవన్నీ కలిసి రెండు వేరే లోకాల్ని తయారుచేశాయి. ఏ పంట ఎక్కడ పండుతుందో నేల చెప్తుంది. పండించేవాడికి అందులో వాటా ఉంటుందో లేదో ఆ కాలపు చట్టసభలో తేలుతుంది.

సెల్మా వైపు ఏం జరిగిందో చూడండి. యుద్ధం అయ్యాక బానిసత్వం పోయింది, భూమి మాత్రం పాత దొరల చేతుల్లోనే ఉండిపోయింది. విత్తనం, ఎద్దు, తిండిగింజలు అప్పుగా ఇచ్చి పంటలో సగం తీసుకునే పద్ధతి వచ్చింది, ఆ లెక్క దొర పుస్తకంలో ఉంటుంది కాబట్టి అప్పు ఎప్పటికీ తీరదు, మన పాలికాపుల కథలు విన్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 1901లో రాసుకున్న రాష్ట్ర రాజ్యాంగం ఓటుకి పన్ను, చదువు పరీక్ష పెట్టి నల్లజాతి ఓటర్లని తుడిచిపెట్టింది. 1965 మొదట్లో డల్లాస్ కౌంటీలో ఓటు వయసున్న నల్లజాతి వాళ్ళు 15 వేల మంది ఉంటే జాబితాలో ఉన్నది మూడు వందల చిల్లర. పక్కనున్న లౌన్‌డెస్ కౌంటీలో ఒక్కరు కూడా లేరు, ఆ కౌంటీలో ప్రతి ఐదుగురిలో నలుగురు నల్లజాతి వాళ్ళు. ఆ మార్చి 7న సెల్మా వంతెన దగ్గర ఓటు కోసం ఊరేగింపుగా వస్తున్నవాళ్ళ మీద పోలీసులు లాఠీలతో, గుర్రాలతో విరుచుకుపడటం, తర్వాత సెల్మా నుంచి రాష్ట్ర రాజధాని మాంట్‌గమరీకి 54 మైళ్ళ నడక, ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం మీద అధ్యక్షుడి సంతకం, ఇవి మీకు తెలిసే ఉంటాయి. తెలియనిది ఏమిటంటే, ఓటరుగా పేరు రాయించుకున్నందుకు లౌన్‌డెస్‌లో దొరలు కుటుంబాల్ని పొలాల మీంచి ఖాళీ చేయిస్తే, వాళ్ళు ఆ నడక సాగిన 80వ నంబరు హైవే పక్కనే గుడారాలు వేసుకుని ఉన్నారు, ఆ చలికాలమంతా, పిల్లలతో. నేల మీద హక్కు లేనివాడికి ఓటు ఎంత కష్టమో అక్కడ తెలుస్తుంది.

దానికి ఎదురు ఉదాహరణ అక్కడికి దగ్గర్లోనే ఉంది. విల్కాక్స్ కౌంటీలో అలబామా నది మెలిక తిరిగి మూడు వైపులా చుట్టుకున్న చోట జీస్ బెండ్ అని ఒక పల్లె. 1930లలో ప్రభుత్వం అక్కడి పత్తి తోట కొనేసి, 1940లలో అక్కడే తరాలుగా పాలుకు చేస్తున్న నల్లజాతి కుటుంబాలకి తక్కువ వడ్డీతో అమ్మింది. కాబట్టి ఓటు ఉద్యమం వచ్చినప్పుడు వాళ్ళని ఇంట్లోంచి గెంటేసేవాడు లేడు. అందుకని కౌంటీ నడిపే తెల్లవాళ్ళు ఇంకో దారి వెతికారు: 1962లో నది దాటించే పడవని ఆపేశారు. కౌంటీ ఆఫీసున్న కామ్డెన్ కళ్ళ ముందు అవతలి ఒడ్డున ఉంటుంది, రోడ్డు మీద వెళ్ళాలంటే నలభై మైళ్ళ చుట్టు. పడవ మళ్ళీ వచ్చింది 2006లో. ఆ ఊరి ఆడవాళ్ళు పాత ప్యాంట్లు, పిండిబస్తాలు, చిరిగిన చొక్కాలు కత్తిరించి కుట్టే బొంతలు ఇవాళ న్యూయార్క్ మ్యూజియాల్లో ఉన్నాయి. ఒకటి దగ్గరగా చూశాను, మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన నీలం జీన్స్ ముక్కలు, తీసేసిన జేబు చోట మాత్రం ఎండ తగలక ముదురు రంగు అలాగే ఉంది. మా అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత కూడా అంతే, పమిట భాగం ఒక రంగు, లోపలి కుచ్చెళ్ళ భాగం ఒక రంగు. నది చుట్టూ ఉండటం వల్ల బయటి నమూనాలు చేరక వాళ్ళ పనితనం అంత వేరుగా నిలిచిందని అంటారు, నేనూ నమ్ముతాను.

ఇక నా వృత్తికి దగ్గరైనది. లౌన్‌డెస్‌లో ఇంకుడు పరీక్ష చేశాం. గొయ్యి తీసి, ముందు బాగా నానబెట్టి, తర్వాత నీళ్ళు పోసి ఎంతసేపటికి అంగుళం దిగుతుందో గడియారం పెట్టి చూడాలి. ఇసుకనేలలో నిమిషాల మీద దిగుతుంది. అక్కడ సాయంత్రం పోసిన నీళ్ళు పొద్దున చూస్తే దాదాపు అలాగే ఉన్నాయి, పైన దోమలు. అలాంటి నేలలో మామూలు సెప్టిక్ ట్యాంకు పనిచెయ్యదు, వాన పడితే మురుగు వెనక్కి, బాత్‌రూములోకే తన్నుతుంది. పనిచేసే రకం, అంటే బయటి మట్టి తెచ్చి దిబ్బలా పోసి దాని మీద కట్టేది, పదిహేను ఇరవై వేల డాలర్లు దాటుతుంది. ఆ డబ్బు లేని ఇళ్ళల్లో ఒక ప్లాస్టిక్ పైపు గోడలోంచి బయటికి వచ్చి పెరట్లోనే ఆగిపోతుంది. అలా వదిలినందుకు మనుషుల మీద కేసులు పెట్టారు, అరెస్టులు కూడా చేశారు. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో అక్కడ పరీక్షించిన 55 మందిలో 19 మందికి కొంకిపురుగు (హుక్‌వర్మ్, మురుగు కలిసిన మట్టిలోంచి ఒంట్లోకి చేరి పేగుల్లో బతికేది) ఆనవాళ్ళు దొరికాయి. అమెరికాలో. నేను ఇది చదివిన రోజు నిద్ర పట్టలేదు.

అదే మట్టి మీద మా ఫ్రిస్కోలో ఏం చేస్తున్నాం? స్లాబులోకి టెన్షన్ కేబుళ్ళు వేసి బిగిస్తాం, ఆగస్టులో పునాది చుట్టూ చిల్లుల పైపు పెట్టి తడుపుతూ ఉండమని ఇంటాయనకి చెప్తాం, గోడ పగిలితే కింద స్తంభాలు దించి లేపుతాం, మురుగంతా నగరం పైపులో పోతుంది. మట్టి లక్షణానికి మందు ఎప్పుడో ఉంది, దాని ఖర్చు ఎవరు పెట్టుకోగలరు అన్నదే తేడా. అలబామాలో భూమి మీద పన్ను పెరగకుండా రాజ్యాంగంలోనే పరిమితులు రాసుకున్నారు, దానివల్ల వేల ఎకరాలు ఉన్నవాళ్ళకి లాభం, కౌంటీ బడికీ పైపులైనుకీ డబ్బు ఉండదు.

ఇంకో మాట. నీళ్ళు ఇంకని ఆ గుణమే హేల్ కౌంటీ వైపు కొందరికి బతుకైంది. పత్తి పోయాక పశువులు వచ్చాయి, తర్వాత క్యాట్‌ఫిష్ చెరువులు, తవ్వితే చాలు, నీళ్ళు నిలుస్తాయి. ఆ చేపల పెంపకంలో మిసిసిపీ తర్వాత అలబామాదే స్థానం. గ్రీన్స్‌బరో దగ్గర గట్ల మీంచి చూస్తే అచ్చం కైకలూరు వైపు వచ్చామా అనిపించింది. కానీ చెరువుకి కావలసిన మనుషులు కొద్దిమందే, మిగిలినవాళ్ళు ఎప్పుడో షికాగో, డెట్రాయిట్ వెళ్ళిపోయారు. లౌన్‌డెస్‌లో 1900లో 35 వేల పైన జనం, 2020లో 10 వేల చిల్లర.

మీ నీలం వంక అంటే, అలా వెళ్ళకుండా మిగిలినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. 2017 డిసెంబరులో సెనేట్ ఉపఎన్నికలో డెమొక్రాట్ డగ్ జోన్స్ 22 వేల లోపు మెజారిటీతో గెలిచినప్పుడు ఈ కౌంటీల నుంచి జనం క్యూలు కట్టి వచ్చారు. వాళ్ళ తాతలు ఓటు కోసం దెబ్బలు తిన్నారు కాబట్టి వచ్చారు, సుద్దరాయికి ఆ సంగతి తెలియదు.

వీలైతే మాంట్‌గమరీ నుంచి సెల్మాకి 80 మీద ఒకసారి కారులో వెళ్ళండి, గంట ప్రయాణం. ఆగస్టు చివర అయితే నెర్రెలు బాగా కనిపిస్తాయి. వానాకాలంలో వెళ్తే మాత్రం రోడ్డు దిగకండి, బండి దిగబడితే లాగేవాళ్ళు దొరకడానికి చాలాసేపు పడుతుంది. సెల్మాలో వంతెన చూశాక కామ్డెన్ వెళ్ళి పడవలో జీస్ బెండ్‌కి దాటండి, టైము ముందే కనుక్కుని వెళ్ళండి. అవతల బొంతలు కుట్టే చోట పెద్దావిడలు కూర్చుని ఉంటారు, అడిగితే చెప్తారు, ఏ ముక్క ఎవరి చొక్కాదో.